నాబాలిగు వాటా, మగ్గం ఇల్లు: రాయచూరు సీమలో ఒక పాత చిక్కు

మన రాయచూరు సీమ పెద్దవాళ్ళలో కొందరి నోట ఇప్పటికీ 'మైనరు' అన్న మాట రాదు, 'నాబాలిగు' అంటారు. సంరక్షకుడు వలీ, అమ్మకం పత్రం బైనామా, తాకట్టు పత్రం రహన్‌నామా. 1948 సెప్టెంబరు దాకా మన జిల్లా నిజాం ఏలుబడిలో ఉంది, కోర్టుల్లో ఉర్దూ నడిచింది. ఏలుబడి పోయింది గానీ మాటలు పోలేదు, ఆ పత్రాలూ ఇంకా మన ఇండ్లల్లో ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి.

చేనేత ఇంటికి ఈ సంగతి ఎందుకు అంత ముఖ్యమంటే, మనకు ఇల్లే కార్ఖానా. మగ్గం గుంత ఇంట్లోనే ఉంటుంది, పడుగు పోసే జాగా ఇంటి ముందే. ఇంటాయన కాలం చేస్తే మిగిలేది ఆ ఇల్లు, సావుకారు దగ్గర నూలు బాకీ, ఊహ తెలియని పిల్లలు. బాకీ కింద ఇల్లు అమ్మితే పోయేది గోడలు ఒక్కటే కాదు, పిల్లవాడు రేపు కూర్చోవాల్సిన మగ్గం కూడా. కాబట్టి ఆ ఇల్లు అమ్మే హక్కు ఎవరిది అన్న ప్రశ్న మనకు కాగితం ప్రశ్న కాదు.

దొరబిడ్డలకైతే అప్పట్లోనే ఏర్పాట్లు ఉండేవి. పక్కనున్న సురపురం సంస్థానంలో రాజా వెంకటప్ప నాయకుడు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు, 1841 నుంచి 1853 దాకా, కెప్టెన్ మెడోస్ టేలర్ అక్కడుండి వ్యవహారం చూశాడు. నేతగాని కొడుక్కి టేలర్ దొర ఎక్కడినుంచి వస్తాడు? తల్లో, మేనమామో, కులపెద్దలో కూర్చుని తేల్చేవారు. అందులో న్యాయంగా తేల్చినవీ ఉన్నాయి, ఇల్లు పక్కవాడి పేరున తేలినవీ ఉన్నాయి.

మన బంధుత్వాలు తుంగభద్ర దాటి ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఉన్నాయి కదా, అక్కడ రాజ్యం వేరు. అది మద్రాసు ప్రెసిడెన్సీ. 1890లో వచ్చిన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అక్కడ అమల్లో ఉంది. దాని ప్రకారం కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు అనుమతి లేకుండా మైనరు స్థిరాస్తిని అమ్మడానికి లేదు. అవసరం ఉండాలి, లేదా పిల్లవాడికి స్పష్టంగా లాభం ఉండాలి. కావాలనుకుంటే కోర్టు తన ఎదుటే వేలం వేయమని కూడా షరతు పెట్టవచ్చు. అయితే కోర్టు నియమించని తల్లిదండ్రులను ఆ చట్టం అంతగా కట్టడి చేయలేదు. వాళ్ళ విషయంలో 1856 నాటి హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన మాటే ఆధారం: నిజమైన అవసరం ఉంటే అమ్మకం చెల్లుతుంది. 1948లో కాకులం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావుల కేసు, మన తెలుగువాళ్ళదే, అదే ప్రీవీ కౌన్సిల్‌కు పోయింది. తండ్రి అప్పు తీర్చడానికి తల్లి చేసిన అమ్మకం ఒప్పందం కొడుకును కట్టేస్తుందని తీర్పు వచ్చింది. అప్పులవాళ్ళకు ఆ తీర్పు ఎంత సంతోషమో చెప్పనక్కరలేదు.

ఆ దారి మూసింది 1956. ఆ ఏడాది మనకు మూడు మార్పులు కలిసొచ్చాయి. జూన్‌లో హిందూ వారసత్వ చట్టం, ఆగస్టులో హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన. అప్పటిదాకా మన జిల్లాలోనే ఉన్న గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, మిగతా రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. గద్వాల మగ్గాలకూ మనకూ నడుమ రాష్ట్రం గీత పడింది గానీ రెండు వైపులా చట్టం ఒక్కటే అయ్యింది.

కొత్త చట్టం 8వ సెక్షను ప్రకారం కన్న తల్లిదండ్రులైనా సరే, మైనరు స్థిరాస్తిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, ఐదేండ్లు మించి లీజుకివ్వాలన్నా ముందుగా జిల్లా కోర్టు అనుమతి కావాలి. 11వ సెక్షను ఇంకా గట్టిది: నేనే చూసుకుంటున్నా అని ముందుకొచ్చిన మేనమామకూ, పెదనాన్నకూ మైనరు ఆస్తిని అమ్మే అధికారమే లేదు. మైనరు ఆస్తిని సోదరి అమ్మిన కర్ణాటక కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా పోతే, 2001లో ఆ అమ్మకం మొదటినుంచీ చెల్లదన్నారు.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఉమ్మడి ఆస్తి దగ్గర. తాత ముత్తాతల ఇల్లు, పంపకం కాలేదు, ఇంటి పెద్ద యజమానిగా చూస్తున్నాడు అంటే, కుటుంబ అవసరానికి అతను అమ్మడానికి 8వ సెక్షను అనుమతి అక్కరలేదు; 1996లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కానీ తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్యకూ పిల్లలకూ, తల్లి బతికుంటే ఆమెకూ సమానంగా, ఎవరి వాటా వాళ్ళకు వస్తుంది. కొడుకుల వాటా ఎంతో కూతుళ్ళదీ అంతే. పిల్లల వాటాకు అనుమతి తప్పదు. 'మైనరు పిల్లల తరఫున తల్లి' అని రాసి వేలిముద్ర వేయించిన పత్రాలు ఎన్నెన్ని ఉన్నాయో! రిజిస్టరైంది కదా అని కొన్నవాళ్ళు నిశ్చింతగా ఉంటారు, బ్యాంకు అప్పుకు పోయినప్పుడు వకీలు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆపుతాడు.

అలాంటి అమ్మకం దానంతట అది రద్దు కాదు. పిల్లవాడు పెద్దయ్యాక కాదనవచ్చు, దావా వేయడానికి 18 నిండాక మూడేండ్లు గడువు. దావానే వేయాలా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2025 అక్టోబరులో దావణగెరె కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. శామనూరులో 1971లో ముగ్గురు మైనరు కొడుకుల పేర కొన్న ప్లాట్లను తండ్రి కోర్టు అనుమతి లేకుండా అమ్మాడు. కొడుకులు పెద్దవాళ్ళయ్యాక తల్లితో కలిసి అవే ప్లాట్లు ఇంకొకరికి అమ్మారు. గడువు లోపల ఇలా స్పష్టంగా నడుచుకోవడమే తండ్రి అమ్మకాన్ని కాదన్నట్టు, వేరే దావా అక్కరలేదు అన్నారు. మొదట కొన్నవాళ్ళ నుంచి తీసుకున్నవాళ్ళు ఓడిపోయారు. కొనేవాళ్ళుగా మనమూ భయపడాల్సిన తీర్పే ఇది.

అనుమతి తీసుకోవడం మనవాళ్ళు అనుకున్నంత కష్టం కాదు. ఆస్తి ఉన్న జిల్లా కోర్టులో అర్జీ పెట్టాలి, అమ్మడం ఎందుకో, ధర ఎంతో, పిల్లల డబ్బు ఎక్కడ ఉంచుతారో చెప్పాలి. చాలాసార్లు పిల్లల వాటా డబ్బు వాళ్ళ పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటారు. రాయచూరు కోర్టు కాదంటే అప్పీలు కలబురగి హైకోర్టు బెంచికి. 2008కి ముందైతే బెంగుళూరు పోవాల్సి వచ్చేది.

పాత పత్రాలు చూసేవాళ్ళకు ఇంకొక్క సంగతి. కోర్టు సంరక్షకుణ్ణి నియమించి ఉంటే, 1999 డిసెంబరులో చట్టం మారేదాకా ఆ పిల్లవాడికి మేజరు వయసు 18 కాదు, 21. పాత కేసుల్లో గడువు లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. ఉర్దూ బైనామాలు చదవగలిగేవాళ్ళు జిల్లాలో తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే, చదివే పెద్దవాళ్ళు ఉన్నప్పుడే కన్నడంలోనో తెలుగులోనో నకలు రాయించి పెట్టుకోండి.