కర్రపెట్టె తోడైన పిస్తోలు

1914 ఆగస్టు 26. కలకత్తా కస్టమ్స్ కార్యాలయం నుంచి ఎడ్లబండ్లు వరసగా బయల్దేరాయి. రోడా అండ్ కంపెనీ అనే ఆయుధాల వ్యాపారులకు ఓడలో వచ్చిన సరుకది. విడిపించి తెస్తున్నవాడు ఆ కంపెనీ గుమాస్తా శ్రీశచంద్ర మిత్రా, తోటివాళ్లకు హాబు. విడిపించినవి 202 పెట్టెలు. వాన్‌సిటార్ట్ రో లోని గిడ్డంగికి చేరినవి 192. మిగతావి తెస్తానని వెళ్లిన హాబు మళ్లీ కనిపించలేదు. ఆ బండ్లలో ఒకదాన్ని తోలింది బండివాడి వేషంలో ఉన్న హరిదాస్ దత్తా అనే విప్లవకారుడు. కంపెనీ వాళ్లు మూడు రోజులు చూసి పోలీసులకు చెప్పారు. మాయమైన పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి.

నాలుగేళ్ల తర్వాత జస్టిస్ రౌలట్ అధ్యక్షతన రాజద్రోహ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. మనకు రౌలట్ చట్టం తెచ్చిపెట్టిన నివేదిక అదే. అందులో ఈ దొంగతనం గురించి రాస్తూ సంఘం ఒక చిన్న విషయం దగ్గర ఆగింది. పిస్తోలు పెట్టుకునే పెట్టెనే దాని పిడికి తగిలిస్తే రైఫిల్ లాగా భుజానికి ఆనించి కాల్చవచ్చునని ప్రత్యేకంగా చెప్పింది. దొంగిలించిన వాటిలో 44 పిస్తోళ్లు వెనువెంటనే తొమ్మిది విప్లవ బృందాలకు చేరాయనీ, ఆ తర్వాత బెంగాల్‌లో జరిగిన 54 దోపిడీలు, హత్యలు, హత్యాయత్నాల్లో అవే వాడారనీ లెక్క తేల్చింది. తూటాల లెక్కతో పాటు ఒక కర్రపెట్టెను కూడా పట్టించుకున్న ప్రభుత్వం భయం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ పెట్టె సంగతి చూద్దాం. జర్మనీలోని ఓబర్న్‌డోర్ఫ్‌లో మౌజర్ కర్మాగారంలో పనిచేసే ఫీడర్లే అన్నదమ్ములు ముగ్గురు ఈ పిస్తోలుకు రూపం ఇచ్చారు. 1896లో తయారీ మొదలైంది కాబట్టి సి96 అన్నారు. ట్రిగ్గర్ ముందు చదరపు డబ్బా, అందులో పది తూటాలు, వెనక చీపురు పిడిలా సన్నటి గుండ్రని పిడి. దీనికి ఒరగా తోలు సంచి కాకుండా వాల్‌నట్ కర్రను లోపల తొలిచి చేసిన పెట్టె ఇచ్చారు. వెడల్పు వైపు మూత, సన్నటి కొసకు ఇనుప కొక్కెం. పిస్తోలు బయటికి తీసి, మూత మూసి, కొక్కేన్ని పిడి వెనక గాడిలోకి తోస్తే టక్కున పడుతుంది. నడుముకు వేలాడిన ఒర క్షణంలో తుపాకి మడమ అవుతుంది.

దీనివల్ల ఒరిగేదేమిటి? చేతి తుపాకితో గురి తప్పడానికి కారణం చాలా మామూలు లెక్క. గొట్టం మీద ముందొక గుర్తు, వెనకొక గుర్తు. రెంటికీ మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. చెయ్యి వణికి వాటిలో ఒకటి 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, 50 మీటర్ల దూరాన తూటా 25 సెంటీమీటర్లు తప్పిపోతుంది. చాచిన చెయ్యి మిల్లీమీటరు కూడా కదలకుండా ఉండాలంటే యోగి అయి ఉండాలి. మడమ తగిలిస్తే గుర్తుల మధ్య దూరం పెరగదు. కానీ భుజం, చెంప, రెండు చేతులు కలిసి తుపాకిని పట్టుకుంటాయి, వణుకు తగ్గుతుంది. ఇంతవరకు మౌజర్ వాళ్ల మాట నిజమే. చాలా పిస్తోళ్ల వెనక గురిగుర్తు మీద 1,000 మీటర్ల దాకా అంకెలు చెక్కారే, అదీ అతిశయం! కిలోమీటరు దూరాన మనిషి ముందు గుర్తు వెనక చీమలా దాక్కుంటాడు. కొనేవాడి ఊహకు ఎంత దూరం పోవాలని ఉంటుందో అమ్మేవాడికి తెలుసు.

రోడా మౌజర్లతోనే బెంగాల్ విప్లవ నాయకుడు బాఘా జతీన్ ఒడిశాలోని బాలాసోర్ దగ్గర నిలబడ్డాడు. బెంగాల్‌కు వచ్చే రైళ్లను ఆపాలన్న విప్లవకారుల పథకంలో మద్రాసు రైలు మార్గం సంగతి తాను చూసుకుంటానని ఒప్పుకొన్నవాడు ఆయనే. మన బెజవాడ, వాల్తేరుల మీదుగా హౌరాకు వెళ్లే దారి అది. 1915 సెప్టెంబరు 9న ఐదుగురు మనుషులు మౌజర్ పిస్తోళ్లతో, ఎదురుగా రైఫిళ్లు పట్టిన పోలీసులు. చిత్తప్రియ రాయ్‌చౌధురి అక్కడే కన్నుమూశాడు. జతీన్ మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. పట్టుబడిన ముగ్గురిలో ఇద్దరిని ఉరి తీశారు. రైఫిల్ అనిపించుకోగల పిస్తోలుకూ అసలు రైఫిల్‌కూ తేడా మైదానంలో మిగిలే ఉంది.

ఇదే పిస్తోలును ఇంకొకాయన కూడా మోశాడు, కారణం మాత్రం వేరు. 1896లో బొంబాయి ససూన్ డాక్ దగ్గర పడవలోంచి మెట్ల మీదికి దిగబోతూ విన్‌స్టన్ చర్చిల్ భుజం జారింది. ఆ భుజంతోనే తన పటాలం తరఫున హైదరాబాద్‌లో పోలో పోటీ ఆడి గోల్కొండ కప్పు గెలిచాడు. కానీ కత్తి ఊపడానికి ఆ భుజాన్ని నమ్మలేకపోయాడు. అందుకే 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్ యుద్ధంలో గుర్రపు దళం దూకినప్పుడు ఆయన చేతిలో ఉన్నది కత్తి కాదు, లండన్‌లో కొన్న మౌజర్. తన శరీరంలో ఉన్న లోపానికి సరిపడే పనిముట్టు ఎంచుకున్నాడు. ఆ ఎంపికను నేను మెచ్చుకుంటాను. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో బోయర్లు చుట్టుముట్టినప్పుడు మాత్రం అదే పిస్తోలు కోసం నడుము తడుముకుంటే దొరకలేదు. రైలు పట్టాలు ఖాళీ చేయించే పనిలో అడ్డమని తీసి ఇంజన్‌లో పెట్టాడు. పిడికి ఒక తాడు కట్టి మెడలో వేసుకునే పద్ధతి అప్పటికే సైన్యంలో ఉంది. హంగుల్లోకెల్లా చవకది, చర్చిల్‌కు ఆ రోజు లేనిది.

హంగుల కథ మౌజర్‌తో పుట్టలేదు. శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు పొంది న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో చేసిన రివాల్వర్‌ను ఒక అందమైన పెట్టెలో అమ్మేవాడు. ఐదు గుళ్ల రివాల్వర్ పక్కనే మందు కుప్పె, గుళ్లు పోసే అచ్చు, విప్పదీసే పనిముట్టు, ఇంకో తిరుగుడు డబ్బా అమర్చి ఉండేవి. ఆ రెండో డబ్బా అలంకారం కాదు. మొదటి నమూనాల్లో మందు కూరాలంటే గొట్టం ఊడదీయాలి. గుర్రం మీద ఉన్నవాడికి అది కుదిరే పనేనా? ముందే నింపి పెట్టుకున్న డబ్బా మార్చుకోవడమే దారి. గొట్టం విప్పకుండా మందు దట్టించే కడ్డీ 1839లో గానీ రాలేదు.

అసలు మార్పు ఫ్యాక్టరీ నుంచి కాక వాడినవాడి నుంచి వచ్చింది. టెక్సాస్ రేంజర్ల కెప్టెన్ శామ్యూల్ వాకర్ ఆ రివాల్వర్ పట్టి కొమాంచీ తెగవాళ్లతో పోరాడినవాడు. ఏం బాగుందో, ఏం బాగులేదో కోల్ట్‌కు చెప్పాడు. ఫలితంగా 1847లో వచ్చిన రివాల్వర్‌లో ఆరు గుళ్లు పట్టేవి, ట్రిగ్గర్‌కు కాపుగా ఇనుప కట్టు ఉండేది, బరువు రెండు కిలోల పైనే. దట్టించే కడ్డీ గొట్టం కిందే ఉండేది గానీ, పేల్చిన అదురుకు జారి కిందికి వేలాడి డబ్బా తిరగకుండా అడ్డుపడేది. రేంజర్లు దాన్ని పచ్చి తోలు పట్టీతో గొట్టానికి కట్టేసుకున్నారు. కోల్ట్ తర్వాతి నమూనాలో అక్కడ ఒక గడియ పెట్టాడు. వాడేవాడి చేతిలో పుట్టిన తోలు పట్టీ ఫ్యాక్టరీలో ఇనుప గడియగా మారిన ఈ దారి ఈ చరిత్ర మొత్తంలో నాకు చాలా ఇష్టమైనది.

బంగారు చెక్కడాలు ఇంకో దారి. ఒట్టోమన్ సుల్తాన్ అబ్దుల్ మజీద్‌కు కోల్ట్ బంగారు పొదుగులున్న రివాల్వర్ కానుక ఇచ్చాడు. దాని జోడు రష్యా జార్ నికొలస్‌కు వెళ్లింది. ఆ ఇద్దరూ క్రిమియా యుద్ధంలో శత్రువులు. ఒకటి న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో, రెండోది సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో ఉన్నాయి. అమ్మకం పనిలో ఆ బంగారం తూటా కన్నా బాగా పనిచేసి ఉంటుంది.

ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో అధికారి తన రివాల్వర్ తానే కొనుక్కోవాల్సి వచ్చేది. ప్రభుత్వం ఇచ్చే తూటా అందులో పట్టాలన్నదే షరతు. అందుకే రివాల్వర్లు చేసే వెబ్లీ కంపెనీ వ్యాపారమూ, ఆర్మీ అండ్ నేవీ స్టోర్సూ కళకళలాడేవి. ఆ స్టోర్సుకు బొంబాయిలో, కలకత్తాలో కూడా శాఖలుండేవి. వెబ్లీ రివాల్వర్ నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది, ఖాళీ తూటా తొడుగులన్నీ ఒకేసారి బయటికి తోస్తుంది. తెరవడం సులువే, ఆరు తూటాలు ఒక్కొక్కటీ లోపల పెట్టడమే ఆలస్యం. 1893లో ప్రిడో అనే ఆయన ఆరింటినీ ఒకే గుండ్రని పట్టులో బిగించి ఒక్కసారిగా దింపే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అధికారులు దాన్ని సొంత డబ్బుతో కొన్నారు.

అదే యుద్ధంలో ఒక వింత కూడా పుట్టింది. కందకాల్లో తూటాలు అయిపోతే ఏం చేయాలి? కెప్టెన్ ప్రిచర్డ్ అనే అధికారికి వచ్చిన ఆలోచన, రివాల్వర్‌కు బాయొనెట్! పాత ఫ్రెంచి గ్రాస్ బాయొనెట్ అలుగు కోసి, పిడి తగిలించి బర్మింగ్‌హామ్‌లోని గ్రీనర్ కంపెనీ తయారు చేసింది. సైన్యం దాన్ని అధికారికంగా తీసుకోలేదు. తీసుకోకపోవడమే మంచిదైంది. మూర పొడవు కూడా లేని ఆయుధం కొసకు కత్తి కట్టి, రైఫిల్ బాయొనెట్ పట్టినవాడి మీదికి వెళ్లమనడం ఏం న్యాయం? జర్మన్లు మాత్రం లూగర్ పిస్తోలుకు 200 మిల్లీమీటర్ల గొట్టం, బల్లపరుపు కర్ర మడమ, 32 తూటాల గుండ్రని డ్రమ్ము తగిలించి దాడి దళాలకు ఇచ్చారు. ఆ డ్రమ్ము నింపడానికి మళ్లీ వేరే పనిముట్టు కావాలి. ఒక హంగుకు ఇంకో హంగు అవసరపడిందంటే ఆ దారిలో పోవడం మానుకోవాల్సిందేనని నా అభిప్రాయం. ఆ పని కోసమే కొత్తగా పుట్టిన సబ్‌మెషిన్ గన్ 1918కల్లా వాళ్ల చేతికి వచ్చింది.

అమెరికా చట్టం ఈ కర్రముక్కను రౌలట్ సంఘం కన్నా గట్టిగా పట్టించుకుంది. 1934 నాటి జాతీయ ఆయుధాల చట్టం ప్రకారం పిస్తోలుకు మడమ తగిలిస్తే అది పొట్టి గొట్టం రైఫిల్ అవుతుంది, రిజిస్ట్రేషన్ చేయించాలి; 2025 చివరిదాకా 200 డాలర్ల పన్ను కూడా కట్టాల్సి వచ్చేది. మన 1959 ఆయుధాల చట్టం ఇంకో అడుగు వేసింది. పేలిన చప్పుడునో మెరుపునో తగ్గించే సాధనం ఒంటరిగా దొరికినా ఆయుధమే అంటుంది. సైలెన్సర్ జేబులో ఉంటే, తుపాకి లేకపోయినా, చట్టం దృష్టిలో మీ దగ్గర తుపాకి ఉన్నట్టే.

అమెరికా సైన్యపు జనరల్ ప్యాటన్ సంగతి చెప్పకపోతే ఈ కథ ఒప్పదు. 1916లో ఎల్ పాసోలో చెక్కడాల కోల్ట్ రివాల్వర్ కొన్నాడు, దంతపు పిడి మీద తన పేరు పొడి అక్షరాలు. ఆ ఏడాది మే 14న మెక్సికోలో తిరుగుబాటు నాయకుడు పాంచో విల్లా దళంలోని అధికారి హూలియో కార్డెనాస్‌ను ఎదుర్కొన్న పోరులో దాన్ని వాడి, పిడి మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. దంతాన్ని ఎవరైనా ముత్యపు చిప్ప అంటే ఒళ్లు మండేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఫొటో చూసిన ప్రతి సైనికుడూ ఆ పిడిని గుర్తుపట్టాడు. ఆయన కోరుకున్నదీ అదే. ఇక్కడ హంగు పనిచేసింది తుపాకి మీద కాదు, చూసేవాళ్ల మీద.

అదే అమెరికా సైన్యం నిశ్శబ్దంగా చేసిన మార్పులకు ఇంత పేరు రాలేదు. 1911లో తీసుకున్న బ్రౌనింగ్ పిస్తోలు యుద్ధంలో కొందరి చేతులకు పెద్దదైంది. 1926లో 1911ఏ1 పేరుతో దాన్ని సరిదిద్దారు. ట్రిగ్గర్ పొట్టిదైంది, వేలు అందడానికి దాని వెనక ఇనుమును గీసేశారు, బొటనవేలి పైన చర్మం సుత్తికి చిక్కకుండా వెనక తోక పెంచారు, ముందు గుర్తును వెడల్పు చేశారు. అన్నీ మిల్లీమీటర్ల మార్పులే. కొన్ని దశాబ్దాల పాటు ఆ పిస్తోలు అలాగే నడిచింది. ఈ రోజు చేతి తుపాకికి హంగులు ఎంచుకునేవాడి ముందు ఎర్రచుక్క గురి అద్దాలు, టార్చి లైట్లు, రంగురంగుల పలకలు రాశులుగా ఉన్నాయి. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్తోలు పై పలక మీద అద్దం బిగించుకునే చోటు ముందే ఉంది. కంటికి సాయం చేసేది కాబట్టి ఆ అద్దం నిలుస్తుంది. మిగతా వాటిలో చాలా వాటి మీద నాకు అంత నమ్మకం లేదు.

ఈ ప్రలోభాలన్నింటికీ కళ్లెం వేసిన చోటు ఒకటుంది, క్రీడ. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మను భాకర్, రిథమ్ సంగ్వాన్‌లతో కలిసి 25 మీటర్ల పిస్తోలు జట్టు స్వర్ణం గెలిచింది, వ్యక్తిగత పోటీలో రజతం తెచ్చుకుంది. ఆ పోటీ నియమాల్లో గురి అద్దానికి చోటు లేదు, మామూలు గుర్తులే. ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాముల బరువుకు గానీ కదలకూడదు, పోటీకి ముందు బరువు వేలాడదీసి చూస్తారు. కాల్చేది ఒంటి చేత్తో, మణికట్టు ఏ ఆసరా లేకుండా కనబడాలి. షూటర్‌కు మిగిలిన స్వేచ్ఛ కర్ర పిడి దగ్గరే. దాన్ని తన అరచేతికి సరిపడేలా ఆకురాయితో గీసుకోవచ్చు, గుంట పడిన చోట కర్ర లప్పం పూసి మళ్లీ గీసుకోవచ్చు. చాలామంది షూటర్లు ఆ పని ఏళ్ల తరబడి చేస్తూనే ఉంటారు.