నిర్లక్ష్యము నుండి కూల్చివేతకు: హైదరాబాదులోని రెండు వారసత్వ కట్టడములు

ఉపోద్ఘాతము

పాత కట్టడము ఒక్కరోజులో కూలదు. మరమ్మతు వాయిదాపడుట, కప్పు కారుట, గోడలలో రావిమొక్కలు మొలచుట, తుదకు ప్రమాదకరమని ప్రకటించుట – సాధారణముగా ఇదే వరుస. ఈ అంశమును హైదరాబాదులోని రెండు భవనముల చరిత్ర ద్వారా పరిశీలిద్దాము.

1. ఎర్రమంజిల్

నవాబు ఫక్రుల్ ముల్క్ నివాసమైన ఈ సౌధము తరువాతి కాలములో ప్రభుత్వ ఇంజినీర్ల కార్యాలయమైంది. 1995లో నగరాభివృద్ధి సంస్థ (హుడా) నియమావళిలో 13వ నిబంధనను చేర్చి, జాబితాలోని కట్టడములను అనుమతి లేకుండా కూల్చరాదని నిర్దేశించారు. ఎర్రమంజిల్ ఆ జాబితాలో ఉంది. 2015 డిసెంబరులో ప్రభుత్వము ఆ నిబంధననే తొలగించింది. 2019 జూన్‌లో అదే స్థలములో నూతన శాసనసభ భవనమునకు శంకుస్థాపన జరిగింది. పౌరులు హైకోర్టును ఆశ్రయించగా, 2019 సెప్టెంబరు 16న ధర్మాసనము మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసింది. తీర్పు కూల్చివేతను ఆపగలిగింది; కాని కారుచున్న కప్పును బాగుచేయుట తీర్పు వలన కాదు.

2. ఉస్మానియా ఆసుపత్రి

1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారు. అనంతరము విన్సెంట్ ఎష్ రూపకల్పనలో నది ఒడ్డునే నేటి పాత భవనము లేచింది. 2015లో దీనిని కూల్చివేయ తలపెట్టినప్పుడు, పరిశీలించిన ఇంటాక్ నిపుణులు బాగుచేయవచ్చునని తెలిపారు. 2020 జూలైలో వాననీరు వార్డులలో చేరగా, రోగులను తరలించి భవనమును మూసివేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో నూతన ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

రోగి ప్రాణము కంటె గోడ ముఖ్యమా అను ప్రశ్న న్యాయమైనదే. అయితే వైద్యమునకు వేరొక స్థలము చూపగలిగినప్పుడు, ఆ రెంటిలో ఒకదానిని బలి ఇయ్యనవసరము లేదని ఇందువలన తెలియుచున్నది.

ముగింపు

సంఘకాపరుల ఆధీనములోను పాత దేవాలయములు, బంగళాలు, పాఠశాలలు ఉన్నవి. వాటి కొలతలు, ఫొటోలు, శంకుస్థాపన ఫలకముల వ్రాతలు ముందుగా నమోదు చేయవలెను. ఏటా వానకాలమునకు ముందే కప్పును, నీటి తూములను చూపించవలెను. సున్నపు గోడలపై సిమెంటు పూత వేయించరాదు. లోపలి తేమ బయటికి పోక గోడ చెడిపోవును. న్యాయస్థానము మెట్లు ఎక్కుటకు చాలా ముందే, నిచ్చెన వేసి కప్పు చూచుటతో సంరక్షణ ఆరంభమగును.