కోనసీమ రైతు స్వభావం: మట్టిదా, చరిత్రదా?

కోనసీమ రైతు నెమ్మదస్తుడనీ, నేల మెత్తనిది గనుక మనిషీ మెత్తనివాడనీ చెప్పుకోవటం మనకు అలవాటు. పల్లెవాని గుణాన్ని మట్టిలోనుంచో రక్తంలోనుంచో పుట్టించే వాదం ప్రతి దేశంలోనూ వున్నది. కొత్తపేట ప్రాంతపు చరిత్రకు ఎదురుగా నిలబెడితే ఈ వాదం నిలవదని నా అభిప్రాయం.

గౌతమీ వసిష్ఠల మధ్య ఈ మట్టి 1832-33 కరువునాడూ వున్నది. అయినా గోదావరి మండలంలో జనం అన్నానికి మాడారు. ఆ శతాబ్దంలోనే కోరంగి రేవు నుంచి బర్మాకూ మారిషస్‌కూ కూలీలు ఓడలెక్కారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసింది. ఆ దశకంలోనే గన్నవరం అక్విడక్టు వైనతేయ మీదుగా కాలువ నీటిని దాటించింది. మట్టి మారలేదు, నీరు మారింది, దానితో బ్రతుకు మారింది. కాటన్‌కు ఊరూరా విగ్రహాలున్నాయి, న్యాయమే. ఆనకట్టకు రాయి మోసినవారి పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా కనిపించవు. ఆ నీటితో పండిన ధాన్యం గాదెల్లోకి చేరింది. పంట పండించిన దళిత పాలేరుకు దక్కినది కొలిచిన కూలిగింజలే.

ఇతర దేశాలను చూడండి. స్పెయిన్‌లోని వలెన్షియాలో కాలువ రైతులు ఎన్నుకున్న న్యాయసభ గురువారం నాడు చర్చి గుమ్మం ముందు కూర్చుండి నీటి తగవులు నోటిమాటతోనే తీర్చుతుంది. బాలి ద్వీపంలో సుబాక్ అనే రైతు సంఘాలు వరిమళ్లకు నీటి వంతులు తామే నిర్ణయించుకుంటాయి. ఆ రైతులు పుట్టుకతో ఐకమత్యం కలవారు కారు. నీటి పెత్తనం చేతిలో వున్నది గనుక ఐకమత్యం నేర్చారు. మన కాలువ సర్కారు తవ్వినది, దాని పెత్తనమూ సర్కారుదే. నీటి సంఘాల చట్టం 1997లోగాని రాలేదు. అర్జీ పెట్టటం నేర్చిన రైతును చూచి మనం నెమ్మదస్తుడన్నాం!

ఆ నెమ్మదస్తుడే 2011 సార్వాలో నాగలి దించాడు. గిట్టుబాటు ధర లేదు. పూడిన మురుగు కాలువలు వానాకాలంలో చేలను ముంచుతున్నాయి. కోనసీమలో వేల ఎకరాలు బీడు పడ్డాయి. దేశమంతా విన్న ఈ నిరసనను నేను గౌరవిస్తాను. కాని పంట విరామం ప్రకటించే హక్కు భూమి గలవానికే వున్నదని మరువరాదు. నాట్లు లేనినాడు కూలిస్త్రీకి పని లేదు. కౌలుదారు సంగతి చూడండి: 2011 చట్టం అతనికి ఋణ అర్హత కార్డు ఇవ్వజూపింది, 2019 చట్టం భూయజమాని సంతకం కోరింది. సంతకం పెట్టనివాని కౌలుదారు కాగితాల మీద రైతే కాడు. కోనసీమ పల్లెల నుంచి స్త్రీలు గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లటానికీ, కోరంగి ఓడలకూ ఒకే మూలం: సొంత భూమి లేకపోవటం.

ఇక వారసత్వం మాట. సంక్రాంతికి కొత్తపేటలోనూ, కనుమనాడు జగ్గన్నతోటలోనూ ప్రభలు లేస్తాయి. జగ్గన్నతోటకు వచ్చేవి పచ్చని చేలకు అడ్డంగా, కాలువ నీటిలో దిగి మరీ సాగుతాయి. చేను తొక్కారని రైతు తగవు పెట్టడు. అంత బరువును పదుల భుజాలు ఒక్క అడుగుగా మోయటం భక్తి మాత్రమే కాదు, సామూహిక శ్రమలో నేర్చిన విద్య కూడా. ఆ విద్య మురుగు కాలువ పూడిక దగ్గరా, కౌలు కాగితం దగ్గరా అక్కరకు వచ్చినప్పుడు, ఆ భుజాలలో కూలివాని భుజానికీ సమాన స్థానం దొరికినప్పుడు, కోనసీమ స్వభావం గురించి మనం మళ్లీ వ్రాసుకోవలసి వస్తుంది.