పోత ఇనుప పాత్రల సంరక్షణ

పోత ఇనుప పెనం, మూకుడు వంటివి తుప్పు పట్టకుండా, వంట అంటుకోకుండా వాడకానికి సిద్ధం చేసే పద్ధతిని సీజనింగ్ అంటారు. పోత ఇనుములో కర్బనం సుమారు 2 నుంచి 4 శాతం ఉంటుంది. అందువల్ల అది పెళుసు. కింద పడినా, కాలుతున్నప్పుడు చన్నీళ్లు పోసినా పగలవచ్చు.

కొత్త పెనాన్ని తోమి, బియ్యం కడుగులోనో గంజిలోనో నానబెట్టి, కడిగి, పొయ్యిమీద తడి ఆరనిస్తారు. తర్వాత నూనె పలచగా రాసి, పొగ వచ్చేదాకా కాచి చల్లారుస్తారు. ఆ వేడికి నూనె ఆక్సిజన్‌తో చర్య జరిపి, దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టి నల్లని పొరగా మారతాయి. నూనె ఎక్కువైతే పొర గట్టిపడక జిగురుగా మిగులుతుంది. పలచగా పలుమార్లు రాయడమే సరైన పని. తొందరపడితే పొర పాడవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ పెనానికి రెండు రకాల పని. దోసె, అట్టు నూనెతో కాలతాయి కాబట్టి పొరను పెంచుతాయి. జొన్నరొట్టె నూనె లేకుండా, పెద్ద మంటమీద కాలుతుంది; అందుకే రొట్టెల పెనానికి తరచూ నూనె రాయాలి. చింతపండు పులుసు మాత్రం ఇందులో కాచకూడదు. పులుపు పొరను తినేసి కూరకు ఇనుప రుచి తెస్తుంది.

కడిగిన వెంటనే తుడిచి, వేడిచేసి, నూనె చుక్క రాసి దాచాలి. తుప్పు పట్టినా పారేయనక్కర్లేదు: పీచుతో గట్టిగా రుద్ది, మళ్లీ మొదటి నుంచి సీజనింగ్ చేస్తే చాలు.