పసివారి ధమనుల్లో పొగ జాడ

1952 డిసెంబరు 5న లండన్ నగరాన్ని కమ్ముకున్న పొగమంచు 9వ తేదీ వరకు తొలగలేదు. గాలి స్తంభించింది. చలికి తాళలేక ఇళ్లలో రాజేసిన నాసిరకం బొగ్గు పొగ, విద్యుత్ కేంద్రాల పొగ నేలను అంటిపెట్టుకొని నిలిచిపోయాయి. స్మిత్‌ఫీల్డ్ ప్రదర్శనకు తెచ్చిన మేలుజాతి పశువులు ఊపిరాడక కూలిపోయాయి. మనుషుల లెక్క తేలడానికి మాత్రం వారాలు పట్టింది. మామూలు కంటే సుమారు 4,000 మంది అధికంగా మరణించారని తొలి అంచనా; తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 వరకు పెంచారు. వారిలో వృద్ధులే కాక శిశువులూ ఉన్నారు.

ఆ రోజుల్లో గుండెజబ్బు మరణాలు కూడా పెరిగాయి. అయినా అందరి దృష్టి బ్రాంకైటిస్ మీదనే నిలిచింది. 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. పొగ అంటే ఊపిరితిత్తుల శత్రువు అన్న భావన మాత్రం వైద్యుల మనస్సుల్లో చాలాకాలం అలాగే ఉండిపోయింది. బతికి బయటపడిన బాలల రక్తనాళాల సంగతి ఎవరికి తోస్తుంది? చూడడానికి సాధనమైనా లేదు.

లండన్ ఉపద్రవం జరిగిన మరుసటి ఏడాదే, దానితో ఏ సంబంధమూ లేని మరొక నివేదిక అమెరికాలో వెలువడింది. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది సైనికుల గుండెలను వైద్యులు కోసి పరీక్షించారు. వారి సగటు వయస్సు 22 ఏళ్లు. అయినా నూటికి 77 మందిలో హృదయ ధమనుల వ్యాధి ఛాయలు కనిపించాయి. దరిమిలా లూసియానాలోని బొగలూసా పట్టణంలో డాక్టర్ జెరాల్డ్ బెరెన్సన్ బృందం జరిపిన దీర్ఘకాలిక అధ్యయనం ఇంకా వెనక్కి వెళ్లి, ధమనుల్లో కొవ్వు చారలు బాల్యంలోనే మొదలవుతాయని చూపింది. ముసలితనపు జబ్బుగా పేరుపడినదానికి బీజం బడి వయస్సులోనే పడుతున్నదన్నమాట.

ఈ రెండు పాయలు కలవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1992లో, అదే లండన్‌లో, డేవిడ్ సెలర్‌మాయర్ బృందం ఒక సున్నితమైన పరీక్షను వెలువరించింది. చేతికి రక్తపోటు పట్టీ బిగించి, కొద్ది నిమిషాల తరువాత వదలుతారు. రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆరోగ్యవంతమైన ధమని లోపొర నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయగా నాళం వ్యాకోచిస్తుంది; లోపొర దెబ్బతిన్నదైతే ఆ వ్యాకోచం తగ్గుతుంది. దీనిని అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. సూది గుచ్చే పని లేదు గనుక పిల్లలకూ చేయవచ్చు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. మరుసటి ఏడాది హార్వర్డ్ పరిశోధకుల ‘ఆరు నగరాల అధ్యయనం’ సూక్ష్మ ధూళికణాలకూ, గుండె, ఊపిరితిత్తుల మరణాలకూ గల సంబంధాన్ని బయటపెట్టింది.

పిల్లల గురించిన స్పష్టమైన సాక్ష్యం మెక్సికో నగరం నుంచి వచ్చింది. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉన్న ఆ నగరంలో పొగ తేలికగా బయటపడదు. 2007లో ప్రచురితమైన అధ్యయనం అక్కడి బాలలను స్వచ్ఛమైన గాలి ఉన్న చిన్న పట్టణపు బాలలతో పోల్చింది. రక్తనాళాలను సంకోచింపజేసే ఎండోథీలిన్-1 నగర బాలల రక్తంలో అధికంగా ఉంది. ఊపిరితిత్తుల ధమనిలో పీడనమూ అధికమే. చూడబోతే వారు ఆరోగ్యంగా ఉన్న పిల్లలే! పరీక్షించినది వందమంది లోపే గనుక ఆ ఒక్కదానితో తీర్పు చెప్పలేము. కాని 2015లో ఈక్వెడార్ రాజధాని కీటో నుంచి వచ్చిన ఫలితమూ అటే మొగ్గింది: రద్దీ రోడ్లకు 100 మీటర్ల లోపు నివసించే పిల్లల మెడ ధమని గోడలు దూరాన ఉన్న పిల్లల కంటే మందంగా ఉన్నాయి.

మనకు మరీ దగ్గరి సంగతి హైదరాబాదు పరిసరాల్లోని 28 పల్లెలది. 1987–90 మధ్య అక్కడ గర్భిణులకూ పసివారికీ అదనపు పోషకాహారం ఇచ్చి చూసిన ప్రయోగమే తరువాత ఆ కుటుంబాల దీర్ఘకాలిక అధ్యయనంగా విస్తరించింది. నాటి పసివారు నేడు పెద్దవారు. 2020లో వెలువడిన ఫలితాల్లో, సూక్ష్మ ధూళి పెరిగినకొద్దీ, ముఖ్యంగా పురుషుల్లో, మెడ ధమని గోడ మందం పెరగడం కనిపించింది. కట్టెలపొయ్యి వాడే ఇళ్లలోనూ అదే ధోరణి. ఆ పల్లెల్లో సగటు సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశపు వార్షిక పరిమితి 40.