ఖాకీ: దుమ్ము రంగుకు దర్పం

పారసీలో 'ఖాక్' అంటే మట్టి, దుమ్ము. ఆ దుమ్ము రంగే ఖాకీ. 1846లో బ్రిటిష్ అధికారి హ్యారీ లమ్స్‌డెన్ పెషావర్‌లో కూడగట్టిన గైడ్స్ దళం ఈ రంగు బట్టల్లో తిరిగింది. 1857 తిరుగుబాటులో తెల్ల దుస్తులు ఎండలో శత్రువుకు ఇట్టే కనబడుతుంటే చాలా పటాలాలు వాటికి మట్టిరంగు అద్దుకున్నాయి. దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధం సాగుతుండగా, 1900లో బ్రిటన్‌లో జరిగిన ఎన్నికలకు 'ఖాకీ ఎన్నికలు' అనే పేరే నిలిచిపోయింది. కనబడకుండా ఉండటానికి ఎంచుకున్న రంగు ఎక్కడున్నా గుర్తుపట్టే ముద్రగా మారడం విచిత్రమే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైనికులు తమ ఖాకీ ప్యాంట్లే వేసుకుని కాలేజీలకు వెళ్లారు. అక్కడ ఖాకీ కుర్రకారు ఫ్యాషన్ అయింది. తెలుగులో ఆ మాట అంత తేలిక పడలేదు. పత్రికలో 'ఖాకీల దౌర్జన్యం' అని కనిపిస్తే ఎవరి సంగతో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆర్టీసీ డ్రైవరు, ఆటో డ్రైవరు తొడిగేదీ ఖాకీయే కదా అనొచ్చు. నిజమే. కానీ వాళ్లు సమ్మెకు దిగితే 'రోడ్డెక్కిన ఖాకీలు' అని ఎవరూ శీర్షిక పెట్టరు. ఈ మాటకు మన దగ్గర బరువు తెచ్చింది లాఠీయే. అందుకేనేమో, దాదాపు అదే రంగు ప్యాంటు బట్టల దుకాణానికొచ్చేసరికి 'చినోస్' అయిపోతుంది.