మామిడి సొన కథ

వేసవిలో చింతలపూడి, నూజివీడు వైపు పిల్లల మూతులు చూస్తే చాలు, ఎవరు తోటలో దూరారో తెలిసిపోతుంది. పెదవి చివర నల్లగా కమిలిన మచ్చ. సొన తగిలిందన్నమాట! తొడిమ విరిస్తే చివ్వున చిమ్మే ఆ సొన ఎరగని ఇల్లాలుంటుందా? ఆవకాయకి కాయలు రాగానే గంగాళంలో నీళ్లు పోసి కడిగి, గుడ్డతో తుడిచాక గాని కత్తిపీట దగ్గరికి రానివ్వం.

ఇంతకీ చెట్టుకి ఈ సొన ఎందుకండీ?

1891లో కోసెల్ అనే జర్మన్ పండితుడు జీవుల్లోని పదార్థాల్ని రెండు పంక్తులుగా కూర్చోబెట్టాడు. ప్రతి కణానికీ తప్పనివి ముఖ్యమైనవి. కొన్నింట్లో ఉండి కొన్నింట్లో లేనివి ద్వితీయమైనవి. చేదు, వగరు, ఘాటు, సువాసన – వంటింట్లో మనం రుచి అనుకునేదంతా దాదాపు రెండో పంక్తిలోకే వెళ్లింది. ఆ పేరు పట్టుకుని చాలామంది అవన్నీ చెట్టు పారబోసుకున్న చెత్త అనుకున్నారు. పొద్దస్తమానం చాకిరీ చేసే ఆవిణ్ణి “ఇంట్లో ఖాళీయేనా?” అని అడగడం లాంటిదే ఇది కూడా! చివరికి 1959లో ఫ్రెంకెల్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో గట్టిగా వాదించాడు. ఇవి చెత్త కాదు, పురుగుల బారినుంచి కాచుకోడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అని.

ఈలోగా మన వాల్తేరూ ఊరుకోలేదు. 1930లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ టి.ఆర్. శేషాద్రిగారు పత్తిపూలూ గోగుపూలూ తెప్పించి, వాటిలోని పసుపు రంగుల గుట్టు విప్పారు. పై దేశాల సరుకు కాదు, మన చేలగట్ల పూలే! 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడితే విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. అయినా ఆయన పరిశోధన సాగుతూనే వచ్చింది. 1949లో ఢిల్లీ వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

మళ్లీ సొన దగ్గరికొద్దాం. దాన్లో టర్పెంటైను జాతి నూనెలున్నాయి. రిసార్సినాల్ జాతి జిడ్డుపదార్థాలూ ఉన్నాయి, మూతి పొక్కించేవి ముఖ్యంగా ఇవే. చాకిరేవు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టిన నల్లజీడి గింజ మామిడికి చుట్టమే, దాని రసానికీ ఇదే కోపం. ఈ కోపం మన మీద కాదు లెండి. 1986లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు పచ్చికాయ తొక్కలో ఈ జాతి పదార్థాలే బూజుని అణచిపెడుతున్నాయని చూపించారు. కాయ ముగ్గేకొద్దీ అవి తగ్గిపోతాయి, అందాకా తొక్కలో నిద్రపోతున్న బూజు లేస్తుంది. గడ్డిలో మగ్గేసిన బంగినపల్లి మీద రాత్రికి రాత్రి నల్లచుక్కలు తేలడం వెనక రహస్యం ఇదే.

చెట్టుకి కవచమైనది రైతుకి మాత్రం నష్టం. సొన కారిన చారకి తొక్క కాలి నల్లబడితే మార్కెట్లో ధర పడిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు చిక్కంతో కోసేటప్పుడు తొడిమ ఉంచి దించుతారు. నీడపట్టున తొడిమ కత్తిరించి, సొనంతా కారేదాకా కాయల్ని తలకిందులుగా పెట్టి, ఆ తర్వాతే బుట్టకెత్తుతారు.